వల తాడు, పందెం తాడు

మా డ్రిల్లు మాస్టారు పోయారని పోయిన నెల కార్డు వచ్చింది. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉండకూడదని మా ఇంటావిడ చదివీ చదవగానే చించి అవతల పారేసింది. కర్మ ఏ రోజో చూసుకుందామని నేను పెరట్లో ముక్కలు ఏరుకున్నాను. ఆ తేదీ ఉన్న ముక్క మాత్రం దొరకలేదు. వాళ్లనూ వీళ్లనూ అడిగి తెలుసుకునేసరికి కర్మ కూడా అయిపోయింది. జీవితమంతా నియమాలు పట్టుకుని వేళ్లాడిన మనిషి ఆయన. ఒక నియమం వల్లనే రాలేకపోయానంటే ఏమీ అనుకుని ఉండరు.

అక్కడికి వెళ్లి నలుగురి ముందూ చెప్పాలనుకున్న మాట ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

జిల్లా బోర్డు పోయి పరిషత్తు వచ్చిన రోజుల్లో, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో ఆయన డ్రిల్లు, నేను లెక్కలు. ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం. మాది మనుబోలు దగ్గర వరి పండించే ఊరు. ఆ బడికి వెళ్లేదాకా సముద్రాన్ని నేను దగ్గరగా చూసినవాణ్ని కాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బక్కమనిషి. ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరు, మెడలో ఈల, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. నా క్లాసులో మిగిలిన సుద్దముక్కలు అడిగి పట్టుకెళ్లి, నానబెట్టి, ఆ బూట్లకు పూసుకునేవారు. పరీక్షలు దగ్గర పడితే డ్రిల్లు పీరియడ్లన్నీ నేను లెక్కలకు లాక్కునేవాణ్ని. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు, సుద్దముక్కలు మాత్రం మరచిపోకుండా అడిగేవారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక టీచర్ల గదిలో రోజూ ఒకటే తగువు: ఏది ఆట, ఏది కాదు. మా తెలుగు పండితులకు పులిమేక అంటే ప్రాణం. బుద్ధికి వచ్చే అలుపు అలుపు కాదా అని ఆయన వాదన. అలిసిపోతే కాసేపు పడుకోండి పంతులుగారూ, అది కాలక్షేపం అని మాస్టారు కొట్టిపారేసేవారు. క్యారమ్స్ వేళ్ల పని. కోడిపందెం ఊసెత్తితే, ఆడేది కోడి, మధ్యలో మన గొప్పేమిటి అనేవారు. హెడ్మాస్టరుగారు సాయంత్రాలు ఆడే బాల్ బ్యాడ్మింటన్ మాత్రం ఆటేనని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలులో భయమెంత, భక్తి ఎంత అని పండితులు దెప్పేవారు.

ఆయన దగ్గర కొలతలు మూడు. ఒళ్లు అలిసిపోవాలి. ఎదుట మనిషి ఉండాలి. మూడోది ఆయన మాటల్లోనే చెప్పాలి. "ఓడినా ఇంటికి పోయి అన్నం తినగలిగితే అది ఆట. ఓడితే కూడు లేదంటే అది పని."

ఈ మూడో కొలత దగ్గర నాకూ ఆయనకూ పడేది కాదు. మా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది పక్కనున్న కుప్పం, అంటే సముద్రం ఒడ్డు జాలర్ల పల్లె, వాళ్లు. అక్కడ తెల్లవారుజామునే పెద్దవల లాగుతారు. పడవ మీద వెళ్లి వలను సముద్రంలో చుట్టి వదిలి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెచ్చి, రెండు జట్లుగా నిలబడి లాగుతారు. పిల్లలు కూడా ఒక చెయ్యి వేసి, భాగానికి వచ్చిన చేపలు ఇంట్లో ఇచ్చి, తడి నిక్కర్లతోనే బడికి వచ్చేవాళ్లు. రెండు తాళ్లు, రెండు జట్లు ఉన్నాయి కదా, ఇది ఆట ఎందుకు కాదని నేను. అది పనే, దాన్ని ఆట అంటే ఆ పిల్లలను ఎగతాళి చేసినట్టని ఆయన. ఇద్దరం గొంతులు పెంచేవాళ్లం, గంట కొడితే లేచేవాళ్లం.

అలా అన్న మనిషే ఒక ఏడాది తాడులాగుడు పందేనికి ఎనిమిదిమంది కుప్పం పిల్లలను ఏరి జట్టు కట్టారు. జట్టుకు పెద్ద పోలయ్య, ఆఖరి ఏడు చదివేవాడు. కావలిలో జరిగే బడుల పోటీలకు రైల్లో తీసుకెళ్లాం. తోడుగా నేనూ వెళ్లాను. పట్నం పిల్లలు ఒళ్లు విరుచుకుని గుంజేవాళ్లు. మావాళ్లు మడమలు నేలలో పాతి, వెనక్కి వాలి, వల లాగినట్టే చెయ్యి మార్చి చెయ్యి వేసి, తొందరపడకుండా లాగేవాళ్లు. ఒక్క జట్టు కూడా వాళ్ల ముందు నిలవలేదు.

చివరి పందేనికి ముందు టీ కొట్టు దగ్గర ఒకాయన మా పిల్లలను తెగ మెచ్చుకున్నాడు. పొగిడితే పొంగిపోవడం నాకున్న జబ్బు. వాళ్లు రోజూ వల లాగి భాగం తెచ్చుకునే పిల్లలండీ, అందుకే ఆ పట్టు అన్నాను. అంతటితో ఊరుకున్నానా? మా డ్రిల్లు మాస్టారైతే వల లాగడం ఆటే కాదు, పని అంటారండీ అని నవ్వులకు చెప్పాను. ఆయన కూడా నవ్వి, నా చేత రెండో టీ తాగించాడు. ఆయన చివరి పందెంలో మాకు ఎదుటి జట్టు బడి పంతులని నాకు తరవాత తెలిసింది.

పందెం మావాళ్లే గెలిచారు. కప్పు ఇచ్చేముందు అవతలి బడివాళ్లు తగాదా లేపారు. పోటీలు నడిపే పెద్దమనిషి ఒక అచ్చు కాగితం తీసి చదివాడు. జీవనం కోసం ఏ పని చేస్తారో ఆ పని పందెంలో పెడితే వాళ్లు పనికిరారని అందులో ఉంది. ఆయన మంచివాడే. మాస్టారికి దారి కూడా చూపించాడు. సెలవుల్లో సరదాగా లాగుతారేమో, అంతే కదా అని అడిగాడు. మాస్టారు ఊఁ అంటే సరిపోయేది.

"సరదాగా కాదండీ. రోజూ లాగతారు. భాగం తీసుకుంటారు."

వల లాగడం పనేనని మీరే అంటారట కదా అని అవతలి బడివాళ్లు అడిగితే, అంటానండీ అన్నారు.

కప్పు అవతలివాళ్లకు వెళ్లింది. పిల్లలు చేతుల ఎర్రదనం చూసుకుంటూ నిలబడ్డారు. పోలయ్య ఒక్కడు మాస్టారి ముందుకు వచ్చాడు.

"మాది పనే అయితే మమ్మల్ని ఆటకెందుకు తెస్తిరి సార్?"

ఆయన మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నారు.

తిరుగు రైల్లో ఆయన ఒక్క మాటే మాట్లాడారు. "ఎవురు చెప్పినారో గానీ, అబద్ధమైతే చెప్పలేదు." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది.

ఆ తరవాత ఆ ఎనిమిదిమందీ ఆటస్థలంలోకి రావడం మానేశారు. పోలయ్య బడే మానేశాడు. ఆఖరి పరీక్షకు ఇంకా రెండు నెలలు కూడా లేవు. హెడ్మాస్టరుగారు వాణ్ని పిలుచుకు రమ్మని ఒక ఆదివారం పొద్దున నన్ను కుప్పానికి పంపారు. వెళ్లేసరికి వల ఒడ్డుకు దగ్గరపడుతోంది. తాడు పట్టుకున్నవాళ్ల వరసలో అందరికంటే వెనక, మోకాళ్ల దాకా తడిసి, మా డ్రిల్లు మాస్టారు. పది రోజులుగా రోజూ వస్తున్నారట. తాడు పట్టుకుంటారు, లాగుతారు, బడివేళకు వెళ్లిపోతారు.

ఆవేళ పడినవి కాసిని చిన్న చేపలు. వల జట్టుకు పెద్ద అయినాయన భాగాలు పెడుతూ మాస్టారి ముందు కూడా ఒక కుప్ప పోశాడు. ఆయన వద్దన్నారు. రోజూ వద్దంటున్నారట. అప్పుడు పోలయ్య తాడు చుట్టడం ఆపి వచ్చాడు.

"చెయ్యేసినోళ్లకు భాగం ఈకుంటే మాకు తప్పు సార్. తీసుకోండి."

కావలి నుంచి వచ్చాక వాడు ఆయనతో మాట్లాడటం అదే మొదలు. ఆయన పైమీది తువ్వాలు పరిచి చేపలు అందులోకి ఎత్తుకున్నారు. అప్పుడు నన్ను చూశారు.

"లెక్కలయ్యవారూ, ఇంక నేను గూడా పందేనికి పనికిరాను. భాగం తీసుకున్నా."

పోలయ్య ముందు నవ్వాడు, తరవాత తక్కినవాళ్లు. నేనూ నవ్వాను. మర్నాడు వాడు బడికి వచ్చాడు, పరీక్షా రాశాడు. ఆ నవ్వులో చెప్పేసి ఉంటే సరిపోయేది. మాస్టారూ, కావలిలో ఆ మాట బయటపెట్టింది నేనేనండీ అంటే, ఆయనా మన్నించేవారు, పిల్లలూ మన్నించేవాళ్లేమో. అంతకంటే మంచి అదను నాకు మళ్లీ రాలేదు.

ఆయన నా జేబురుమాలు అడిగి తీసుకుని సగం చేపలు అందులో పోశారు. నేను చెయ్యి వెయ్యలేదండీ, నాకెందుకు అన్నాను. ఉంచండి, ఇద్దరికీ సరిపోతాయి అన్నారు. రుమాలు మూటగట్టుకుని ఇసుకలో ఆయన వెనకే నడిచాను. రెండు మైళ్ల దూరమూ ఆయన ఏవో బడి సంగతులు చెబుతూ ముందు నడిచారు. ఇల్లు చేరేదాకా ఆ మూటలోంచి ఉప్పునీళ్లు నా పంచె మీదికి కారుతూనే ఉన్నాయి.