లాలిపాటలో మొగుడి పేరు

చిట్టమ్మ రేడియోలో పాడింది పాట మీద మోజుతో కాదు, మొగుణ్ణి ఆసుపత్రి మంచం దిగకుండా ఆపడానికి.

అవి డెబ్బైల తొలినాళ్ళు. విశాఖపట్నానికి రేడియో స్టేషను ఇంకా కొత్త ముచ్చటే. జాలారిపేట టీకొట్టులో ఉన్న ఒక్క రేడియో ముందు సాయంత్రమయ్యేసరికి పేటంతా చేరేది. చిట్టమ్మ మొగుడు ఎల్లాజీ చేపల వేట నుంచి వచ్చి, ఒళ్ళు ఆరకుండానే అక్కడికి పరిగెత్తేవాడు. అలాంటి మనిషికి క్షయ పట్టుకుంది. సూదులన్నీ పూర్తయ్యేదాకా కదలకూడదని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సముద్రం మీద తిరిగినవాణ్ణి గోడవైపు పడుకోబెడితే ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? ఓ సాయంత్రం బట్టలు మూట కట్టేశాడు.

"తెల్లారితే ఎలిపోతానే. సత్తే సముద్రం కాడే సత్తాను."

వైద్యం మధ్యలో మానేస్తే మనిషి దక్కడని డాక్టరు చిట్టమ్మతో ముందే చెప్పాడు. ఏడిస్తే వినే రకం కాదు ఎల్లాజీ. అందుకని నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

"రేపు సాయంత్రం నాను రేడియోలో పాడతన్నాను మావా. అది ఇనీసి, ఆనక నీ ఇష్టం."

"నువ్వా! రేడియోలోనా!" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు ఎల్లాజీ. ఎంత నవ్వినా ఒక్కరోజు ఆగడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

అబద్ధమైతే ఆడేసింది గానీ, దాన్ని నిజం చేసేదెలా? మద్దిలపాలెంలో ఆమె రోజూ చేపలమ్మే ఇళ్ళలో ఒకటి రేడియో ఆఫీసరు రమణమూర్తిది. వాళ్ళ పసిదాన్ని ఎత్తుకుని ఆమె లాలి పాడుతుంటే విని, మా కార్యక్రమంలో పాడమ్మా అని ఆయన ఎన్నోసార్లు అడిగాడు. సిగ్గుపడి తప్పించుకునేది. ఇప్పుడు తనే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"బాబూ, రేపే పాడతాను. ఎల్లుండైతే నాకక్కర్నేదు."

సంగతంతా విన్నాడు ఆ మహానుభావుడు. మర్నాటి పల్లెవాసుల కార్యక్రమంలో ఆమెకు చోటు చేశాడు. ఇలాంటివాళ్ళు ఆఫీసుకొక్కరుంటే చాలు.

స్టూడియోలో గాజులు గలగలమంటున్నాయి, తీసెయ్యమన్నారు. "ఆయన మంచాన ఉన్నాడమ్మా, నాను తియ్యను," అని మొండికేసింది చిట్టమ్మ. అనౌన్సరు గౌరీశ్వరి నవ్వి, తన చేతిరుమాలుతో ఆ గాజుల్ని కదలకుండా కట్టింది. ఎర్రదీపం వెలిగింది. ఇక పలికిన మాట పలికినట్టే గాలిలోకి పోతుంది.

"మీ ఆయన పేరేమిటమ్మా?" అని మైకు ముందు అడిగింది గౌరీశ్వరి.

చిట్టమ్మ నోరు మూతపడిపోయింది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పేటలో నమ్మకం. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు. పొరపాటు తెలిసిన గౌరీశ్వరి, "సరే, పాట వినిపించండి," అని సర్దేసింది.

ఆ లాలి అత్త పోతమ్మ దగ్గర నేర్చుకున్నది. పోతమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పాటలో బిడ్డ పేరు పెట్టే చోట చిట్టమ్మ ఎప్పుడూ తన కూతురు గురువమ్మ పేరు పెట్టి పాడేది. ఆ రోజు కంగారులో, అత్త నోట ఎలా విందో పాట అలాగే వచ్చేసింది.

"లాలీ లాలీ నా అయ్య లాలీ, అల మీద ఊగేటి ఎల్లాజి లాలీ..."

పలికాక గానీ తెలియలేదు. ఆపుదామంటే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. రెండో చరణంలోనూ అదే పేరు వచ్చింది. మూడో చరణానికి ఆమెకు తన అత్త, ఆవిడ ఊపిన ఉయ్యాల్లోని పిల్లాడు, మంచం మీద మొగుడు అందరూ ఒక్కసారే కళ్ళ ముందు మెదిలారు. అప్పుడు మాత్రం పొరపాటున కాదు, కావాలనే, గొంతు నిండుగా పలికింది ఆ పేరు.

పాట అయిపోగానే ఆసుపత్రికి పరుగుతీసింది. వార్డులో రేడియో చుట్టూ చేరిన రోగులంతా "లాలీ ఎల్లాజీ" అంటూ ఒకటే వేళాకోళం. ఎల్లాజీ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కళ్ళు తడిసి ఉన్నాయి.

"తప్పైపోనాది మావా. నీ పేరు అనీసినాను," అంటూ కాళ్ళ దగ్గర కూలబడింది.

"మాయమ్మ పాటే అది. మళ్ళీ ఇంటాననుకోలేదు," అన్నాడు ఎల్లాజీ. కళ్ళు తుడుచుకున్నాడు. "ఏటే, మూడు మాట్లు అన్నావు నా పేరు. ఎంత ఆయుస్సు తగ్గిపోనాదో ఏటో! అదంతా సూదులేయించుకునే కూడదీసుకోవాల. ఎలిపోతే ఎలాగ?"

ఉన్నాడు. సూదులన్నీ వేయించుకుని, నడుచుకుంటూ ఇంటికొచ్చి, మళ్ళీ వేటకెళ్ళాడు. చిట్టమ్మ ఇంకెన్నడూ అతని పేరు పలకలేదు. చేపలమ్మడానికి వెళ్తూ రేడియో స్టేషను గేటు దగ్గర మాత్రం తట్ట దించి, చేతులెత్తి దణ్ణం పెట్టేది.

"ఇక్కడ ఏ దేవుడున్నాడే?" అని వాచ్‌మన్ పైడయ్య ఆటపట్టించేవాడు.

"నా మొగుణ్ణి నాకిచ్చినోళ్ళున్నారు బాబూ," అనేది చిట్టమ్మ.