గోడ మీది గోలీలు

హన్నమ్మకు తలనొప్పి కంటే ముందు రోత వస్తుంది. పోపులో వెల్లుల్లి చిటపటమనగానే కడుపులో తిప్పుతుంది. కుడి కంటి పక్కన వెలుగు గీతలు వంకరటింకరగా పాకుతాయి. అరగంటలో సగం తల పగిలిపోతున్నట్టు నొప్పి. నారాయణఖేడ్ బడిలో నూట ఇరవై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషికి పోపు వాసనే పడకపోవడం ఏం ఖర్మో! పప్పు దించి, బడి వెనక్కి వెళ్లి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్లీ గరిటె పట్టేది. పద్దెనిమిదేళ్లు అలాగే నెట్టుకొచ్చింది.

అన్నేళ్లూ ఆమెకు దిక్కు ఒక మందుల దుకాణం పొట్లం. తలనొప్పి అంటే చాలు, దుకాణంవాడు ఒక తెల్ల గోలి, ఒక గులాబి గోలి, సగం విరిచిన పసుపు గోలి పాత పేపరు ముక్కలో చుట్టి చేతిలో పెట్టేవాడు. పేరు లేదు, తారీఖు లేదు. ఆ గోలీలు విరిచిన చేత్తోనే ముక్కు తుడుచుకునేవాడు. చూసి కూడా మింగింది. మొదట్లో నెలకు రెండు పొట్లాలు, తర్వాత వారానికి నాలుగు, చివరికి పొద్దున టీతోపాటు ఒకటి. నొప్పి పోకపోగా రోజూ రావడం మొదలైంది.

కిందటేడు సర్కారు దవాఖానలో రజిత అనే డాక్టరమ్మ ఆ పొట్లం విప్పి, చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసింది.

"ఇవేం గోలీలో తెల్సా నీకు?"

"తెల్వదమ్మా."

"తెల్వకుంట రోజు మింగుతున్నవా? రోజు మింగితే గీ గోలీలే తలనొప్పి తెస్తయి. బంద్ చెయ్యి. మొదట్ల నొప్పి ఇంకా ఎక్కువైతది, ఓర్చుకో."

హన్నమ్మకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. డాక్టరమ్మ బీపీ చూసింది, గుండె సంగతి అడిగింది, అప్పుడు గాని కొత్త గోలి రాయలేదు. వెలుగు గీతలప్పుడు కాదు, నొప్పి మొదలు కాగానే ఒకటి వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలాగి ఇంకొకటి, ఆ రోజుకు ఇక లేదు. వారంలో రెండు రోజులకు మించి ముట్టుకోకూడదు. నెలకు ఆరే ఇస్తుంది. వేసుకున్న ప్రతి రోజూ చర్చి క్యాలెండరు మీద సున్నా చుట్టాలి. "ఎవ్వరికి ఇయ్యకు. గుండె జబ్బున్నోళ్లు ముట్టనే ముట్టొద్దు, గుండె రక్తనాళాలు బిగుసుకపోతయి," అని రెండుసార్లు చెప్పింది. పొట్లం మానేసిన మొదటి మూడు వారాలు హన్నమ్మ నరకం చూసింది. తర్వాత క్యాలెండరు మీద నెలకు మూడో నాలుగో సున్నాలే మిగిలాయి.

అయితే ఆ వాడలో గోలి ఇవ్వనన్న మనిషిని పిసినారి అంటారు. హన్నమ్మ ఇంటికీ అఖ్తర్ బేగం ఇంటికీ నడుమ రొమ్మెత్తు గోడ. పెరుగు తోడు, అగ్గిపెట్టె, గోలి, అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ పోతాయి. పదేళ్లుగా హన్నమ్మ పొట్లాల్లో సగం ఆ గోడ దాటినవే.

ఒక గురువారం బడి నుంచి వచ్చేసరికి కూతురు రోజ అంట్లు తోముతోంది.

"అమ్మా, నీ గోలి ఒకటి అఖ్తర్ ఖాలాకు ఇచ్చిన. ఫకీర్ మామకు తల నొస్తుందంట. ఒక్కటే ఉండె."

అఖ్తర్ బేగం భర్త ఫకీర్ మియాకు మూడేళ్ల కింద గుండెపోటు వచ్చింది. హైదరాబాదులో స్టెంటు వేశారు. హన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి గోడ దూకింది. ఫకీర్ మియా మంచం మీద ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఇంకో అరచేతిలో గోలితో ఉన్నాడు. హన్నమ్మ ఆ అరచేతి మీద ఒక్కటి కొట్టింది. గోలి ఎగిరి మోరీలో పడింది.

"ఏమైంది నీకు?" అంది అఖ్తర్ బేగం.

"గుండె మనిషికి గిది పడదు ఆపా. భాయ్‌ని జల్దీ దవాఖానకు తీస్కపో."

"నువ్వు మింగితే మంచిదా, మాకైతే పడదా? ఒక్క గోలికి గింతనా హన్నమ్మా?"

"నన్ను ఎన్నన్న తిట్టు. ముందుగాల తీస్కపో."

అఖ్తర్ బేగం ముఖం తిప్పుకుంది. అయినా కొడుకు వాజిద్ బండి తీసి తండ్రిని ఎక్కించుకున్నాడు. హన్నమ్మ మోరీలోకి చూసింది. నల్లటి బురదలో తెల్ల గోలి కరిగిపోతోంది. ఆ నెలకు అదే ఆఖరుది. ఆ కంపుకే కాబోలు, కంటి పక్కన గీతలు మొదలయ్యాయి.

సాయంత్రానికి చీకటి గదిలో, బకెట్ పక్కన పెట్టుకుని పడుకుంది. "దుకాణంల పొట్లం తేవాల్నా అమ్మా?" అని రోజ అడిగింది.

"తెస్తే నీ చెయ్యి ఇరుగ్గొడుత," అంది. మళ్లీ ఆ పొట్లం నోట్లో వేసుకోవడం కంటే ఈ నొప్పే నయం అనిపించింది.

దీపాలు పెట్టే వేళ అఖ్తర్ బేగం వచ్చింది. గోడ మీదుగా కాదు, వాకిలి నుంచి. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది.

"బీపీ మస్తుగ ఉందంట. దవాఖానల పండుకోవెట్టిండ్రు. ఇంట్ల ఏమేం మింగుతుండో అన్ని తెమ్మన్నది డాక్టరమ్మ. ఆయన బీపీ గోలీలు గిండ్లనే పోసినం. మొత్తం కలిసిపోయినయి. ఇన్ని దినాలు ఏం మింగిండో ఏమో."

మూత తీసింది. పసుపు, జీలకర్ర, పాత మందు కలిసిన వాసన గుప్పున కొట్టింది. విడి గోలీలు, విరిగిన ముక్కలు, వాటి మీద చీమలు. తెల్లవి బోలెడు, గులాబివి కొన్ని, సగం పసుపువి. ఆ పసుపు ముక్కలను హన్నమ్మ గుర్తుపట్టింది.

"నువ్వు ఇచ్చినవి ఏవో ఏరియ్యి," అంది అఖ్తర్ బేగం. "వాటి పేర్లు చెప్పు."

"తెల్వది ఆపా."

అఖ్తర్ బేగం గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి పదేండ్ల సంది ఎట్ల ఇచ్చినవ్ హన్నమ్మా?"

హన్నమ్మ డబ్బా వైపు చూడలేక బకెట్ దగ్గరికి లాక్కుంది.