‘మా గోల’ ఏ అరలో పెట్టాలి?

మా వదినకు పుస్తకం దొరికితే ఆకలి గుర్తుండదు. ఈ మాట నేనంటే ఆడపడుచు ఎత్తిపొడుపు అనుకుంటారు. అనుకోండి, నాకేం? ఉన్న మాటే అంటున్నాను.

ఆవిడ మా పక్కవీధి పిల్లల గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి తాత్కాలిక సహాయకురాలు. చిరిగిన పేజీలకు జిగురు రాయడం, ఊడిన అట్టలు కుట్టడం, అల్లరి చేసేవాళ్ళను కళ్ళతోనే కూర్చోబెట్టడం ఆవిడ పని. ఈమధ్య అక్కడికి కొత్త అధికారి వచ్చాడు. ఇక మీదట ఒక్కరినే ఉంచుతామనీ, ఆ ఒక్కరిది పర్మినెంటు ఉద్యోగమనీ, మిగిలినవాళ్ళు ఇంటికేననీ తేల్చేశాడు. దానికో పరీక్ష. తలా ఒక నవల ఇస్తాడు. చదివొచ్చి అది వీరగాథా, విషాదమా, హాస్యమా, ఏ అరలో పెట్టాలో చెప్పాలి. రెంటికీ చెందుతుందంటే కుదరదు. ఎందుకో కూడా చెప్పాలి. మార్కులు ఆ కారణానికే.

వదినకొచ్చిన పుస్తకం పేరు ‘మా గోల’. అట్ట చూడగానే నేను పకపకా నవ్వి, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది, హాస్యమని చెప్పి వచ్చెయ్యమన్నాను. వదిన కూడా సరేననుకుంది. తీరా లోపలి పేజీ తిప్పితే అసలు పేరు ‘మా గోల్’. అట్ట మీద పొల్లు కాస్తా చెరిగిపోయింది! అది ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల కథ. పాపం, ఏడాది మొత్తం మీద వాళ్ళు వేసింది ఒకే ఒక్క గోల్. అదీ సొంత జట్టు మీదే.

ఇక ఇంట్లో మొదలైంది అసలు గోల. వదిన చపాతీలు ఒత్తుతూ, బట్టలు మడతపెడుతూ ఆ కథ మాకు చెప్పింది. గోల్ వేసిన పిల్ల సిగ్గుతో జట్టు వదిలేసి, మైదానం పక్క గోడ దగ్గర నిలబడి ఆట చూస్తుందన్న చోట అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంతకంటే విషాదం ఉంటుందా అంది. మా అన్నయ్య కుళాయిలు బాగుచేస్తాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆయన ‘ఆటంటే వీరగాథ’ అని రెండు మాటలు రాల్చి పనికెళ్ళిపోయాడు. నేను హాస్యం దగ్గరే భీష్మించుకుని కూర్చున్నాను. ముగ్గురం మూడు దారులు. నాకు మాత్రం లోలోపల భయంగానే ఉంది. ఆ గ్రంథాలయం లేకపోతే వదిన ఏమైపోతుందో నాకు తెలుసు.

పరీక్ష గదిలో ఏం జరిగిందో వదిన తర్వాత చెప్పింది. హాస్యం అనగానే అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడట.

“ఆఖరి ఆట కూడా ఓడిపోయారు కదమ్మా. హాస్యం ఎలా అవుతుంది?”

“ఓడిపోయారండీ. గెలిచేంత గొప్పవాళ్ళు కాదు, మనలాంటివాళ్ళే. అందుకే వీరగాథ కాదు. కానీ ఆఖర్న బంతి గోడ దూకి పొదల్లో పడితే, రెండు జట్లూ కలిసి వెతకడానికి వెళ్తూ ఆ గోడ దగ్గరున్న పిల్లని రమ్మన్నారు. విషాదమైతే ఆ పిల్ల అక్కడే మిగిలిపోయేదండీ. దూరమైన మనిషిని మళ్ళీ కలుపుకున్న కథ, మధ్యలో ఎంత ఏడిపించినా, నవ్వుల కథే.”

ఆయన ఒప్పుకోలేదట. తానైతే విషాదంలోనే పెడతానన్నాడట. ఇంకా నాలుగు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసినా వదిన పట్టు విడవలేదట.

సాయంత్రం మేం ముగ్గురం గుమ్మంలోనే కూర్చున్నాం. వదిన వచ్చి, చెప్పులైనా విప్పకుండా మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాం.

అప్పుడు మాట్లాడాడు మా అన్నయ్య. వదిన పక్కన కూర్చుని, ఆ ఉద్యోగం పోతే పోయిందన్నాడు. ముందు గదిలో గోడ పొడుగునా తనే అరలు కొడతానన్నాడు. వీధి పిల్లలందరినీ మనింటికే పిలుద్దామన్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ రోజూ చెప్పే కథలు పడుకున్నట్టు నటిస్తూ అన్నీ విన్నాననీ, అవి లేకపోతే తనకు నిద్ర పట్టదనీ అన్నాడు. ఇన్నేళ్ళలో మా అన్నయ్య అన్ని మాటలు కలిపి మాట్లాడగా నేను వినలేదు. వదిన ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. కళ్ళు తుడుచుకోకుండా ఆయన్నే చూస్తోంది.

చెప్పడానికింకేం మిగలక ఆయన ఆగాడు.

“ఉద్యోగం వచ్చిందండీ,” అంది వదిన.

“మరి ముందే చెప్పవేం?”

“మీరు మాట్లాడుతున్నారు కదా. వింటున్నాను.”