సాయన్న అరికాళ్లు

పదవీ విరమణకు ఐదేళ్ల ముందు, వానాకాలం నాట్లు నడుస్తున్న రోజుల్లో నన్ను బాన్సువాడ సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్, పని చర్మవ్యాధుల ఓపీ. నాట్ల కాలంలో బురదలో నానిన కాళ్లన్నీ ఆ ఓపీకే వస్తాయి.

సందీప్ అలా వచ్చినవాడే. చెరుకు, వరి పండించే ఇంటి కుర్రాడు. అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరిగి దళసరిగా ఉన్నాయి, మడిలో దిగితే పగిలి నెత్తురొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతేనన్నాడు. చర్మానికి గట్టిదనం ఇచ్చే కెరాటిన్ అనే ప్రొటీన్‌లో తేడా వస్తే ఇలా అవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సంక్రమిస్తే చాలు, పసితనంలోనే బయటపడుతుంది. ప్రాణానికి ముప్పు లేదు గానీ సుఖమూ లేదు.

రక్తం హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు పంపాను. కెరాటిన్‌లో ఒకచోట మార్పు ఉంది, దాని ప్రాముఖ్యత తేలలేదు అని రిపోర్టు వచ్చింది. అంటే ఆ మార్పు జబ్బు తెస్తుందో, ఊరికే పడి ఉంటుందో చెప్పడానికి ఆధారాలు చాలవు. కేసు నమోదైంది, తీర్పు రాలేదు.

అక్కడ ఆగాల్సింది. సందీప్ అక్క మౌనిక వచ్చి తనకూ పరీక్ష చేయమంది. మహమ్మద్ నగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్, కొత్తగా పెళ్లయింది. ఆమె చేతులు, కాళ్లు పువ్వుల్లా ఉన్నాయి. అయినా చీటీ రాసిచ్చాను. తీర్పు రాని మార్పు కోసం ఆరోగ్యంగా ఉన్న మనిషిని పరీక్షించకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ పాఠం నాకు తెలుసు, చీటీ రాసేటప్పుడు గుర్తు రాలేదు. ఆమెలోనూ అదే మార్పు కనిపించింది.

"మరి నాకు పుట్టేటోళ్లకు వస్తదా మేడం, రాదా? గదొక్కటి చెప్పుండ్రి" అంది. అరుదుగా ఇలాంటి మార్పు ఒకరిలో దాగి ఉండి పిల్లల్లో బయటపడుతుంది, అందుకే ఇప్పుడే చెప్పలేనన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె పిల్లల ఆలోచన పక్కన పెట్టేసింది. రెండేళ్లు గడిచాయి. ఆమె ఓపీకి వచ్చి కూర్చున్నప్పుడల్లా నాకు సిగ్గేసేది.

ముడి విప్పే దారి లేకపోలేదు. ఇంట్లో జబ్బున్న పెద్దవాళ్లలో ఆ మార్పు ఉందో లేదో చూడాలి. వాళ్ల నాన్న సాయన్న చేతులు కూడా దళసరివే. కానీ ఆయన రక్తం ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. "చెరుకు నరికిన చేతులు ఇట్లనే ఉంటయి మేడం. దీనికి బీమారి అని పేరు పెడుతరా?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉండేది. కొడవలి పట్టే చేతులకు కాయలు కాయడం వింతేమీ కాదు.

పెళ్లైన మూడో ఏడు మౌనికకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోశారు. నన్నూ పిలిచారు. ముత్తైదువలు వరసగా దోసిళ్లతో ఆమె ఒడిలో బియ్యం పోస్తున్నారు. పక్కన చాప మీద సాయన్న కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చెప్పులు లేని ఆ పాదాలను అప్పుడే మొదటిసారి చూశాను. మడమ నుంచి వేళ్ల దాకా అంతా ఒకటే పసుపు దళసరి, అరికాలి మధ్య గుంట కూడా. కాయ అన్నది రాపిడి ఉన్నచోటే కాస్తుంది. గుంట నేలకు తగలదు.

"సాయన్నా, అరికాలి గుంటతో కూడా చెరుకు నరుకుతావా?" అని అడిగాను. అందరూ నవ్వారు. అంతలో ఆయన అక్క బియ్యం పోసి వెనక్కి తిరిగి, "గీనికి చెరుకు తోట తెల్వకముందుకెల్లే గట్లున్నయి మేడం. బడికి పోయేటప్పుడు గీని చెయ్యి పట్టుకుంటే నాకు గరుకు గరుకుగ తాకేది" అంది. సాయన్న కాళ్లు లోపలికి ముడుచుకున్నాడు. మౌనిక ఒడిలో బియ్యంతో అలాగే కూర్చుని తండ్రి వైపు చూసి, "ఇగ దవాఖానకు పోదాం బాపు" అంది. సోమవారం ఆయన వచ్చి చెయ్యి చాపాడు. ఆయన భార్య రక్తం కూడా తీసి పంపాను.

ఫలితం నేను ఊహించినదానికి తలకిందులుగా వచ్చింది. జబ్బున్న తండ్రిలో ఆ మార్పు లేదు. జబ్బు లేని తల్లిలో ఉంది, పిల్లలిద్దరికీ ఆమె నుంచే వచ్చింది. కాబట్టి దోషి అది కాదు. ల్యాబ్‌వాళ్లు దాన్ని 'బహుశా హాని లేనిది' అన్న వర్గంలోకి మార్చి కొత్త రిపోర్టు ఇచ్చారు. తండ్రీకొడుకుల జబ్బుకు అసలు కారణం ఆ పరీక్షకు చిక్కని ఇంకేదో. మౌనిక చేతులకు అది రాలేదు కాబట్టి ఆమె పిల్లలకూ భయం లేదని ధైర్యంగా చెప్పాను. ఆమె అక్కడే ఏడ్చి, అక్కడే నవ్వింది.

సాయన్న మాత్రం కేసు తానే గెలిచానన్నాడు. "నా చేతులకు ఏం బీమారి లేదని ముందుకెల్లే చెప్తలేనా? మీ కాయితమే చెప్పింది." యూరియా కలిసిన ఆయింట్‌మెంట్ రాసిస్తే, "మడిలకు ఏసేదే కాళ్లకూనా?" అని అడిగి జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి సంవత్సరం మౌనిక పాపను ఎత్తుకుని ఓపీకి వచ్చింది. నేను తిన్నగా సాక్సులు విప్పి అరికాళ్లు నిమురుతుంటే, "ముందుగాల మొకం చూడుండ్రి మేడం" అంది.

ఆ తర్వాత ఎవరికి ఇలాంటి పరీక్ష రాయబోయినా ముందు ఒకటి ఆలోచించేదాన్ని: తెలియదు అని జవాబు వస్తే ఈ మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తుంది? అది నాకు తోచనప్పుడు రక్తం తీయించలేదు.