రొయ్య పడని బుల్లియ్య

ఒకప్పుడు పొద్దున్నే రోలును తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి దంచడం మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మూడు చెంబుల నీళ్ళు పోసి కడిగి, వేలితో రాసి వాసన చూస్తాను. గోదావరికి ఆనకట్ట కట్టాక కాలువ నీళ్ళు పై ఊళ్ళకు పారాయి గానీ మొగల్తూరు దాటి మా రేవుకు రాలేదు. మంచినీళ్ళు కోసెడు దూరం నుంచి మోసుకోవాలి. రోలుకు అన్ని నీళ్ళు ఎవరూ పోయరు.

మా ఆయన బుల్లియ్య వేటకు వెళ్ళి వల నిండా రొయ్యలు తెచ్చేవాడు. ఒక్కటీ తినేవాడు కాదు. చిన్నప్పుడు తింటే పెదవులు వాచి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట. రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా తుమ్ములే.

“ఒరే బుల్లియ్యా, రొయ్య మీసం తిప్పుతోంది, పారిపోరా!” అనేవాడు పడవలో జతగాడు గంగయ్య.

“నీ మీసం కంటే దానిదే నయంరా,” అనేవాడు ఈయన.

ఆయన పోయిన రోజు బిందెలో నీళ్ళు అడుగంటాయి. రొయ్యపొట్టు దంచిన రోలును గుడ్డతో తుడిచి అందులోనే గోంగూర నూరాను. రెండు ముద్దలు తిని నాలుక దురదన్నాడు. చెయ్యి కడుక్కునేలోపే పెదవులు వాచాయి. గొంతు బిగిసి ఊపిరి ఈల వేసింది. గంగయ్య వైద్యుణ్ణి తెచ్చేసరికి ప్రాణం పోయింది. గాలి సోకిందన్నారు అందరూ. రోలు సంగతి నాకొక్కదానికే తెలుసు.

మొన్న మా నాలుగేళ్ళ కూతురు రత్తమ్మ ఎండబోసిన రొయ్యపొట్టులో ఆడుకుంది. మోచేతుల దాకా దద్దుర్లు. ఆ చేతులతో నులుముకుంటే కళ్ళు మూసుకుపోయాయి. అప్పటినుంచి దాని ఊపిరే వింటున్నాను.

ఈ పొద్దున మా అత్త అప్పాయమ్మ పొట్టు బుట్ట తెచ్చి రోలు దగ్గర పెట్టింది.

“దంచి పిల్ల ముద్దలో చిటికెడు కలపవే. వేటోళ్ళింటి పిల్ల రొయ్య తినకపోతే రేపు ఏ ఇంట్లో బతుకుద్ది? తింటా ఉంటే అదే అలవాటైపోద్ది.”

“నీ కొడుక్కి అలవాటయ్యిందా అత్తా?”

“ఆడు రొయ్య తిని పోలేదే.”

“తిన్నాడత్తా. నేనే పెట్టాను. ఆ రోజు రోలు కడగలేదు.”

అత్త వంగి రోలు అడుగున వేలితో రాసి చూసుకుంది.

“కంటికి కనపడనంత పొట్టుకే?” అంది.

“అంతకే.”

 బుట్ట మాత్రం ఆమె తియ్యలేదు.

దంచితే లేచే దుమ్ము ముక్కులోకి పోతుంది. రత్తమ్మ అరుగు మీదే ఆడుకుంటోంది. రోకలిని మూలకు చేర్చి, పిల్లకు ఉప్పు వేసి గంజన్నం కలిపాను. పొట్టు దంచలేదు.