ఇంట్లోనే ఉంది

మా వైపు ఒక ఆడపిల్ల ‘ఇంట్లోనే ఉంది’ అంటే, చదువు మానిపించి సంబంధాలు చూస్తున్నారని అర్థం. మార్కాపురంలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెనాలి నుంచి వచ్చిన మా కోడలికి మాత్రం ఇన్నేళ్ల కాపురంలో ఎవరూ చెప్పలేదు.

నా మనవరాలికి ఎడమ చెవి వినపడదు. ఎదురుగా ఒక్కరు మాట్లాడితే అంతా వింటుంది. గది నిండా పిల్లలుంటే ఒక్క మాటా అందదు. అందుకని ఏడో తరగతి కాగానే టీసీ తీసుకుని, బీఈడీ చదివిన మా కోడలే ఇంట్లో చదివించడం మొదలుపెట్టింది. గడియారం చూసే పని నాది. లెక్కలు తొమ్మిదికంటే తొమ్మిదికే. పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పేరు కట్టి పదో తరగతి పరీక్ష రాయిద్దామనుకున్నాం. అప్పటికి దానికి పదమూడేళ్ల నాలుగు నెలలు. ఎనిమిది నెలలు ఎట్లాగో గడవాలి.

ఆషాఢంలో ఒక మంగళవారం వార్డు సచివాలయం అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. బడికి పోని పిల్లల వివరాలు ఎక్కించుకుంటోంది. నేను పెరట్లో ఉన్నాను. పాపది ఏ బడి అని అడిగితే కోడలు, “ఇంట్లోనే ఉంటోందండి” అంది. మిగతాది చెప్పేలోపల పాలు పొంగాయని లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి పక్కింటికి వెళ్లిపోయింది.

శుక్రవారం అంగన్‌వాడీ టీచరు, ఆమెతో పాటు మహిళా పోలీసు వచ్చారు. ఎందుకొచ్చారో తెలియకపోయినా కుర్చీలు వేశాను. పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగారు. నాకు ఏదీ సగం చెప్పడం రాదు. తేదీ, తిథి, నక్షత్రం, పాదంతో సహా చెప్పాను. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“సంబంధం ఏ ఊరవ్వా?” అని మహిళా పోలీసు మెల్లగా అడిగింది.

కోడలి సంగతి అడుగుతున్నారనుకుని, “తెనాలి” అన్నాను. ఆమె రాసుకుంది.

విషయం తేలేసరికి టీ చల్లారిపోయింది. వాళ్ల ఫోన్లో మా పాప ‘బడి మానేసింది’ కింద ఉంది. పిల్లకు ఇప్పుడే పెళ్లి చెయ్యబోమని మేము సంతకం పెట్టాలట. పిల్లను ఆడపిల్లల హాస్టలు బడిలో చేర్చాలట. హాల్లో వరసగా పడుకుని, వరసగా కూర్చుని తినే చోటు. పాప తలుపు వెనక, కుడి చెవి మా వైపు పెట్టి నిలబడి ఉంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

పక్కింటి టైలరమ్మ గోడ మీదుగా, షాదీ పెట్టుకుని మాతో ఒక్క మాటన్నా అనలేదే, జాకెట్లు ఇంకెవరికిచ్చినారు అని దెప్పింది.

సోమవారం నేనూ కోడలూ మండల విద్యాశాఖ ఆఫీసుకు పోయాం. అక్కడున్నాయన మర్యాదస్తుడే. ఇంట్లో చదివించడం తప్పా సార్ అని అడిగాను.

“తప్పని ఎక్కడా లేదమ్మా.”

“అయితే ఒప్పని రాసియ్యండి.”

“అట్ల రాసిచ్చే కాగితం కూడా లేదు.”

పోనీ పేరు నమోదు చేసుకోండి అంటే, ఇట్లాంటి పిల్లలకు రిజిస్టరే లేదన్నాడు. పక్క గదిలోని ఆయన ఏదో ఒక బడిలో పేరుంచి ఇంట్లో చదివించుకోమన్నాడు. వరండాలో ఉన్నాయన, వలస పోయిందని పెట్టించుకుంటే ఇంకెవరూ రారన్నాడు. ఈ మెట్ట ఊళ్ల నుంచి వలస పోయేవాళ్లు ఎక్కువే. కానీ మా పిల్ల ఎక్కడికీ పోలేదు. తప్పు కానిదానికి ఒప్పు ఎందుకు లేదో ఆటోలో ఇల్లు చేరేదాకా ఆలోచించినా నాకు తట్టలేదు. చివరికి మొదటాయన చెప్పిన మాటే మిగిలింది. సచివాలయం అమ్మాయి మళ్లీ వస్తుంది, ఈసారి సరిగ్గా చెప్పుకోండి, ఆమె ఏది ఎక్కిస్తే అదే లెక్క.

గురువారం ఆ అమ్మాయి వచ్చింది. స్టవ్ ఆర్పించి కోడలిని పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

“పాప ఇంట్లోనే ఉందా అవ్వా?”

నేను నోరు తెరవకముందే మంచం మీద పుస్తకాల మధ్య నుంచి మనవరాలు పలికింది. “ఇంట్లో లేనక్కా. చదువుతా ఉన్నా.”

ఆ అమ్మాయి ఇంటిని చూసింది, పిల్లను చూసింది. నవ్వాలో వద్దో తెలియనట్టు ఫోన్లోకి తలదించింది. ‘చదువుతోంది’ అని నొక్కితే ఫోన్ బడి పేరు అడిగింది. ఏం పెట్టమంటారని నా వైపు చూసింది. కోడలు “ఇంట్లో...” అనబోతే మోకాలి మీద తట్టి ఆపాను.

“మా అమ్మ దగ్గర,” అంది మనవరాలు.

ఆ అమ్మాయి అదే కొట్టింది. ఫోన్ ఒప్పుకుంది.

ఆ తర్వాత హాస్టలు మాట ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది నెలల్లో ఆరు గడిచాయి. మా పాప పేరు నమోదైనట్టా కానట్టా అని కోడలు అప్పుడప్పుడు అడుగుతుంది. బడి పేరు ‘మా అమ్మ దగ్గర’ అని ఎక్కిందన్నంతవరకు నిజం. అంతకు మించి నాకూ తెలియదు.