రెండో బొమ్మలోని గుండె

నా పేరు మీద అచ్చయిన వ్యాసాల్లో లోకం పట్టించుకున్నది ఒక్కటే. పెద్దపల్లి చుట్టుపక్కల తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్ల గుండె మీద డెబ్బైల్లో రాసింది. అప్పుడు నేను వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పేవాణ్ణి. చెట్టు దిగిన మనిషి గుండె ఎంతసేపటికి కుదుటపడుతుందో చూడాలని నా పట్టుదల.

పొలం మోటారు కొట్టంలోంచి కరెంటు తీసుకుని, ఈసీజీ యంత్రం పెట్టి, దిగినవాళ్లను దిగినట్టే మంచం మీద పడుకోబెట్టేవాణ్ణి. వాళ్లలో ఒకాయన, నలభై దాటినవాడు, నడుముకున్న మోకు విప్పి పడుకున్నాడు.

"జర జల్ది కానియ్యి సారూ, ఇంకా నాలుగు చెట్లున్నయ్."

ఆ మాట మధ్యలోనే సూది గీస్తున్న గీత చదునైపోయింది. కాగితం కదులుతూనే ఉంది, గీత లేవలేదు. మూడు సెకన్లుంటుందేమో. ఆయన నావైపే చూస్తూ నవ్వుతున్నాడు. తర్వాత గుండె మళ్లీ అందుకుంది. నాకు భయం కంటే ముందు సంతోషం కలిగింది. ఎవరికీ దొరకనిది నాకు దొరికింది.

"ఎప్పుడన్న కండ్లు తిరుగుతయా అన్నా?"

"నాకేం ఫికర్ లేదు సారూ," అని మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ గీతనే వ్యాసంలో రెండో బొమ్మగా వేశాను. కింద 'ఆరోగ్యవంతుడు' అని రాశాను.

అచ్చయిన పత్రిక పట్టుకుని వాళ్ల ఊరికి వెళ్తే ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది.

"పోయిన నెల సచ్చిపోయిండు సారూ. చెట్టు దిగి కూసున్నడు, నీళ్లు తెమ్మన్నడు. తెచ్చేసరికి నవ్వుకుంటనే ఉన్నడు గని, పలుకలే."

ఏం చెయ్యాలో తోచక, పత్రిక తెరిచి, ఇది ఆయన గుండె అని చూపించాను. ఆమె గీత వెంట వేలు పోనిచ్చింది. చదునుగా ఉన్నచోట ఆగింది.

"గీడ ఏమైంది?"

"ఆగింది."

"మల్ల?"

"మల్ల మొదలైంది అక్కా."

వేలు అక్కడే ఉంచి అడిగింది: "మరి గప్పుడెందుకు చెప్పలే సారూ?"

పత్రిక ఆమె దగ్గరే వదిలి వచ్చేశాను.

ఇంటికి రాగానే ఆ మనిషి ఆరోగ్యవంతుడు కాదు, చనిపోయాడు అని పత్రికకు సవరణ పంపాను. ఒక మూలన వేశారు. ఆ తర్వాత వ్యాసం ప్రతి పంపమని ఎక్కడెక్కడి నుంచో కార్డులు రావడం మొదలైంది. అందరికీ రెండో బొమ్మే కావాలి. ప్రతిసారీ సవరణ కూడా జతచేశాను. ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేసే పుస్తకాలు హైదరాబాదు గ్రంథాలయంలో ఉండేవి. ఏటేటా వెళ్లి తిరగేసేవాణ్ణి. నా వ్యాసం కింద కొత్త పేర్లు చేరేవి. సవరణ కింద ఒక్కటీ లేదు. పోయిన మనిషి అన్నేళ్లుగా వాళ్ల కాగితాల్లో ఆరోగ్యంగా ఉన్నాడు. ఆ బల్ల ముందు కూర్చుని, ఎందుకో నా నాడి నేనే పట్టుకుని చూసుకునేవాణ్ణి.

తొంభైల్లో కరీంనగర్‌లో ఒక వైద్యుల సభ. ఆదిలాబాద్ వైపు పనిచేసే యువ డాక్టరు ఆ గీతను తెరమీద వేశాడు. చదును భాగం గోడ పొడవునా పరుచుకుంది. ఇలా ఆగినా ప్రమాదం లేదన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ మనిషి చనిపోయాడు. సవరణ కూడా అచ్చయింది."

"యాడ అచ్చయింది సార్?"

సంపుటం, పుట చెప్పాను. రాసుకుంటూ అతను తలెత్తాడు.

"మా దగ్గర ఇట్లాంటోళ్లు ఏడుగురున్నరు సార్. ఏం గాదని ఇంటికి పంపిన."

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఆరుగురు దొరికారట, చికిత్స మొదలుపెట్టారట. ఏడో మనిషి ఊరికి కబురు పంపితే, పోయి ఏడాదైందన్నారట.

మరుసటేడు సవరణ కింద మొదటి పేరు చేరింది. ఆ డాక్టరుదే. అతని వ్యాసం తెప్పించుకుని చూశాను. ఏడు గీతలూ వరసగా వేసి ఉన్నాయి. ఏది పోయినవాడిదో నేను పోల్చుకోలేకపోయాను.